పదిమంది కలిసి రాసే పుట

ఒక గ్రంథానికి ఒకే కర్త ఉండాలన్న నియమం మన సాహిత్యంలో ఎన్నడూ కఠినంగా లేదు. 11వ శతాబ్దిలో నన్నయ ఆరంభించిన మహాభారతాన్ని 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి కొనసాగించాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన, నన్నయ రచనయే అన్నంతగా కలిసిపోయేలా పూరించాడు. భాస్కర రామాయణంలోనూ పలువురు కవుల చేయి ఉంది. నేడు వికీని చూసి వింత అని మురిసేవారూ, చదువుకు చేటని జంకేవారూ ఈ సంగతి మరచినట్లు తోస్తుంది.

వికీ అంటే హవాయి భాషలో 'త్వరగా' అని అర్థం. చదివేవారే దిద్దగల పుటలను 1995లో రూపొందించి వార్డ్ కన్నింగ్‌హామ్ ఈ పేరు పెట్టాడు. 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి.

ఇందులో నన్ను ఆకర్షించేది వేగం కాదు, ప్రతి పుట వెనుక ఉండే 'చరిత్ర'. ఎవరు ఏనాడు ఏ మాట చేర్చారో, దేనిని తొలగించారో అందులో నిలిచి ఉంటుంది. మన తాళపత్ర ప్రతులకు ఆ భాగ్యం లేదు. లేఖకుడు తనకు నచ్చిన పద్యం చేర్చినా, అర్థంకాని పదాన్ని మార్చినా, అది ఎవరి పని అన్నది తెలియదు. అందుకే సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, పలు ప్రతులను సరిపోల్చి పాఠభేదాలను సేకరింపవలసి వచ్చింది. ఫలానా పద్యం ప్రక్షిప్తమా కాదా అన్న వాదాలు నేటికీ ముగియలేదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడిని గూర్చి ఒక తరగతి ఇట్టి పుట రాయబూనిందనుకుందాం. కట్టించినవాడు గణపతిదేవుడని ఒకరు రాస్తారు. 1163 నాటి శాసనాన్ని చూపి, రుద్రదేవుడని మరొకరు దిద్దుతారు. మొదటివారికి మనసు చివుక్కుమంటుంది. అధ్యాపకుని ఎర్రసిరాకు అలవాటుపడిన మన విద్యార్థికి తోటివాని దిద్దుబాటు మింగుడుపడదు. కానీ అసలైన చదువు అక్కడే ఉంది. 'ఈ మాటకు ఆధారమేది?' అని తోటివారు అడిగిననాడు గైడులోని పేరా అక్కరకు రాదు.

ఒకరు శ్రమిస్తే నలుగురు మార్కులు పొందుతారన్న ఆక్షేపణ సబబైనదే. తుది వ్యాసాన్ని మాత్రమే చూసే అధ్యాపకునికి ఆ మోసం తెలియదు. చరిత్రను చదివే అధ్యాపకునికి తెలుస్తుంది. అలాగని మార్పుల సంఖ్యను లెక్కించి మార్కులు వేయరాదు. కామా కదిలించి కర్తనని చెప్పుకొనేవారికి కొదవ లేదు!

అన్నిటికీ వికీ తగదు. పద్యం చదివినప్పుడు కలిగే అనుభూతిని పదిమంది కలిసి దిద్దితే అది ఎవరిదీ కాకుండా పోతుంది. దానిని ఎవరికి వారే రాయాలి. విజ్ఞానసర్వస్వం సంగతి వేరు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, ఆ పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. అది ఒకరి ఆయుర్దాయానికి అందే పని కాదు.

తెలుగు వికీపీడియాలో అనేక గ్రామాల పుటలలో జనాభా లెక్కలున్నాయి గాని ఆ ఊరి చెరువు, జాతర, కులవృత్తుల ఊసు లేదు. విద్యార్థులారా, మీ ఊరి పుటను తెరచి చూడండి. పుస్తకమో శాసనపాఠమో ఆధారంగా దగ్గర ఉంచుకొని, 'సవరించు' అన్నచోట నొక్కండి.