డ్యూటీకి వెళ్లే దారిలో ప్రమాదం: హక్కు ఉంది, రుజువే కష్టం

డ్యూటీకని ఇంట్లోంచి బయలుదేరిన కార్మికుడు దారిలో ప్రమాదానికి గురైతే పరిహారం ఎవరివ్వాలి? చాలా ఏళ్లు వినిపించిన జవాబు ఒక్కటే: గేటు బయట జరిగినదానికి కంపెనీకి సంబంధం లేదు. సైకిల్‌పై పనికి వెళ్తూ ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ ఢీకొన్న కార్మికుడి కేసులో 1996లో సుప్రీంకోర్టు కూడా అది ఉద్యోగ ప్రమాదం కాదని తేల్చింది.

2010లో ఈఎస్‌ఐ చట్టాన్ని సవరించి, రాకపోకల్లో జరిగే ప్రమాదాలనూ ఉద్యోగ ప్రమాదాలుగా గుర్తించారు. మరి ఈఎస్‌ఐ కార్డు లేనివాళ్ల సంగతి? దానికి 2025 జూలై 29న జవాబు దొరికింది. పరిహార చట్టానికీ అదే అర్థం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ కేసు మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాది. చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్ 22న, తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి బైక్‌పై వెళ్తూ, ఫ్యాక్టరీ ఇంకా 5 కిలోమీటర్లు ఉండగా చనిపోయాడు. కమిషనర్ 3,26,140 రూపాయలు, 12 శాతం వడ్డీతో ఇమ్మంటే హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ఆ ఇల్లాలికీ పిల్లలకీ న్యాయం దక్కేసరికి 22 ఏళ్లు గడిచాయి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. అయితే షరతు కూడా ఉంది. ప్రమాదం జరిగిన సమయం, చోటు, పరిస్థితులకు ఉద్యోగంతో సంబంధం ఉన్నట్టు రుజువు కావాలి. సొంత పని మీద వేరే దారిలో వెళ్తే క్లెయిమ్ బలహీనపడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. కాటేదాన్, జీడిమెట్ల లాంటి చోట్ల చిన్న యూనిట్లలో చాలామందికి అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, జీతం చేతికే ఇస్తారు. ప్రమాదం జరిగాక "అతను మా మనిషే కాదు" అనడం యజమానికి తేలిక.

కాబట్టి డ్యూటీకి వెళ్తుండగా ప్రమాదం జరిగిందన్న మాట ఎఫ్‌ఐఆర్‌లో ఉండేలా కుటుంబం చూసుకోవాలి. హాజరు వివరాలు, సూపర్‌వైజర్ మెసేజ్‌లు, జీతం పడిన ఖాతా కాగితాలు, తోటివాళ్ల సాక్ష్యం పనికొస్తాయి. ఈఎస్‌ఐ ఉంటే ఆ ఆఫీసుకు, లేకపోతే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టాలి. పరిహార క్లెయిమ్‌కు గడువు రెండేళ్లు. ఈ పరిహారం, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి, రెండూ కుదరవు.

మరణం సంభవిస్తే పరిహారాన్ని యజమాని అధికారి దగ్గరే జమ చేయాలి. ఇంటికొచ్చి కొంత డబ్బు చేతిలో పెట్టి, తెల్ల కాగితంపై సంతకం తీసుకుంటే చట్టం దృష్టిలో అది పరిహారం ఇచ్చినట్టు కాదు.