చదివిందేటి, చెప్పిందేటి?



మొన్న ఆదివారం రాజాం దగ్గర ఒక పేటలో ఆరాధనకు వెళ్లాను. రెండున్నర గంటల ఆరాధనలో బైబిల్ చదివింది రెండే వచనాలు. అవీ పాస్టరుగారే చదివారు. ఆ తర్వాత గంటకు పైగా ఇల్లు, కారు, వీసా వాగ్దానాలు. బయటికొచ్చాక ఒక మామ్మ నన్నడిగింది: "సదివిందేటి, సెప్పిందేటి బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన పేటల్లో వాక్యం చదవడం భక్తి ఒక్కటే కాదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పిన దేశం ఇది. శూద్రుడికే ఆ శిక్షయితే ఊరి బయట ఉంచిన మన సంగతి వేరే చెప్పాలా? అలాంటి చోట మాల, మాదిగ ఆడమనిషి నలుగురి ముందు నిలబడి పవిత్ర గ్రంథాన్ని పైకి చదివింది. మా నానమ్మ అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, బైబిల్ మీద. ఆ హక్కు ఇప్పుడు మైకుతోపాటు ఒక్కరి చేతిలోకి పోయింది.

బైబిల్ చెప్పే పద్ధతి ఇది కాదు. నెహెమ్యా 8వ అధ్యాయం చూడండి. ఎజ్రా ఆడా మగా అందరి ముందు తెల్లవారిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు. లేవీయులు జనానికి అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు. లూకా 4లో యేసు నజరేతులో ముందు యెషయా గ్రంథం చదివాడు, తర్వాతే మాట్లాడాడు. 2వ శతాబ్దంలో జస్టిన్ రాసిన దాన్ని బట్టి, ఆదివారం కూటంలో సమయం ఉన్నంత సేపూ అపొస్తలుల, ప్రవక్తల రాతలు చదివేవారు.

భాష పాతది, జనానికి అర్థం కాదంటారు. నిజమే. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్‌లకు సువార్తల అనువాదంలో తోడు నిలిచింది ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. అప్పట్నుంచీ తెలుగు బైబిల్ మీద గ్రాంథికం నీడ పోలేదు. కానీ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. చదివి, పేట భాషలో చెప్పుకుందాం. అర్థం కాదని చదవడం మానేస్తే ఎలా?

పాస్టరుగారూ మనవాడే. చాలామందికి జీతం లేదు, కానుకల మీదే సంసారం. వాగ్దానం చెప్పకపోతే జనం పక్క మందిరానికి పోతారన్న భయం. ఆ ఇబ్బంది నాకు తెలుసు. కానీ పూర్తిగా చదవనప్పుడు ఏవి జారిపోతున్నాయో గమనించండి. చెప్పుల జతకు పేదవాణ్ణి అమ్మేసినవాళ్ల మీద ఆమోసు కోపం. పొద్దు గుంకకముందే కూలి ఇమ్మన్న ద్వితీయోపదేశకాండం. ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందన్న యాకోబు పత్రిక. కూలిజనం కూర్చున్న గుడిలో కూలి మాటే వినపడదు!

1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుల్ని ఎస్సీ జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు, మనకు తీయలేదు. ఇంత మూల్యం కట్టి కూర్చున్నవాళ్లకు రెండు వచనాలేనా?

విద్యార్థి మిత్రులారా, మీ పేటలో పాస్టరుగారితో గొడవ పడకండి, అడగండి. ప్రతి ఆదివారం ఒక పూర్తి అధ్యాయం. వారానికొకరు చదవాలి, ముందు ఆడవాళ్లు. తడబడితే నవ్వొద్దు, ఆగి వినండి. చివర్లో పది నిమిషాలు ప్రశ్నలకు వదలండి.

మొదటి ప్రశ్న ఆ మామ్మది.