ఎవరైనా వేరు, అందరూ వేరు

రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం మా వీధిలో తలలన్నీ పడమటి వైపు తిరుగుతాయి. మేడలెక్కిన పిల్లలకు ప్రతి మబ్బుతునకా నెలవంకలాగే కనిపిస్తుంది. పెద్దవాళ్ళు రూయతే హిలాల్ కమిటీ ఏం ప్రకటిస్తుందోనని ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఎదురింటి చాచీకి మాత్రం ఆ హడావుడి పట్టదు. ఆమె పెద్దకొడుకు జెద్దాలో ఏసీ మెకానిక్కు. అక్కడ తరచూ మనకంటే ఒక రోజు ముందే పండగ అయిపోతుంది. కొత్త బట్టలేసుకుని, అత్తరు పూసుకుని వాడు వీడియో కాల్‌లో "ఈద్ ముబారక్ అమ్మీ" అంటాడు. ఇంకా రోజా విడవని తల్లి ఎండిన పెదవులతో "ఖైర్ ముబారక్ బేటా" అంటుంది. దేవుడొకడే, గ్రంథం ఒకటే, చంద్రుడూ ఒకడే. కొడుక్కి పండగ, తల్లికి ఉపవాసం.

ఒక్క మతం లోకమంతటికీ సరిపోతుందా అని ఎవరైనా చర్చ మొదలుపెడితే నాకు ఆ ఫోన్ కాలే గుర్తొస్తుంది. నేను లోకమంతటి కోసం వచ్చాను అంటుంది ఇస్లాం. క్రైస్తవం అంతకు ముందు నుంచీ ఆ మాటే అంటోంది. బౌద్ధం సముద్రాలు దాటింది ఆ ధీమాతోనే. మాట పెద్దది కావడం వల్ల దాని మీద వాదనలు కూడా ఆకాశంలోనే నడుస్తాయి. నాకేమో చిన్న సంగతులు పట్టుకుని వెళ్ళడం అలవాటు. పంచాంగం దగ్గర మొదలుపెడతాను.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. మన పంచాంగకర్తలు ఆ తేడా ముదిరిపోకుండా రెండున్నర, మూడేళ్ళకోసారి అధికమాసం వేసి సర్దుతారు. అందుకే ఉగాది ఎప్పుడొచ్చినా వేపపూత ఉంటుంది. అలా నెలలు సర్దే పద్ధతిని ఖురాన్ వద్దంది. దాని ఫలితం చూడండి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో అన్ని రుతువులనూ చుట్టేస్తుంది. కర్నూలు మే ఎండలో నాలుక పిడచగట్టుకుపోయినవాడికే కొన్నేళ్ళ తర్వాత డిసెంబరు పొట్టిపగళ్ళ ఉపవాసం దొరుకుతుంది. భూమధ్యరేఖకు అవతల దక్షిణాఫ్రికాలో ఉన్నవాడికీ అంతే. ఎవరికీ శాశ్వతంగా ఎండాకాలం లేదు, ఎవరికీ శాశ్వతంగా చలికాలం లేదు. సమానత్వం గురించి ఎన్ని ఉపన్యాసాలైనా వినొచ్చు గానీ, దాన్ని కూడిక తీసివేతల్లో ఇంత నిశ్శబ్దంగా అమర్చిన పద్ధతి మరొకటి నాకు తెలియదు. మన ఉగాదిని తీసుకోండి. మెల్‌బోర్న్ తెలుగువాళ్ళకు అది శరదృతువులో వస్తుంది. ఎండబెట్టిన వేపపువ్వు పొట్లాన్ని సూట్‌కేసులో దాచి తీసుకెళ్తారు, ఆకులు రాలుతుంటే వసంతానికి స్వాగతం చెబుతారు. ఆ పండగ ఈ నేలకు పుట్టింది. దాన్ని విమానంలో మోసుకెళ్ళవలసిందే.

అంత చక్కటి లెక్క కూడా ఒకచోట తట్టుకుని పడింది. నార్వే ఉత్తర కొసన ట్రోమ్సో అనే ఊళ్ళో మే నెల చివరి నుంచి జూలై చివరి వారం దాకా సూర్యుడు అస్తమించడు. 2015లో రంజాన్ జూన్, జూలైల్లో వచ్చింది. పొద్దు గూకితే ఇఫ్తార్ అన్నది నియమం. పొద్దే గూకదు. మరి నోరు కట్టుకుని ఎన్నాళ్ళుంటారు? మక్కా వేళలు పాటించండి అనో, పొద్దు గూకే దగ్గరి ఊరి వేళలు పాటించండి అనో ఉలేమాలు దారి చూపారు. 2007 అక్టోబరులో ఇంకో చిక్కు. మలేషియాకు చెందిన ఎముకల వైద్యుడు షేక్ ముజాఫర్ షుకోర్ రంజాన్ చివరి రోజుల్లో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాడు. అది రోజుకు దాదాపు పదహారు సార్లు భూమిని చుట్టొస్తుంది, అంటే పదహారు పొద్దుపొడుపులు. పూటపూటకూ నమాజు అంటే ఎనభై సార్లు మోకరిల్లాలి. మలేషియా ఫత్వా మండలి ముందుగానే కూర్చుని మార్గదర్శకాలు రాసింది: రాకెట్ బయలుదేరిన చోటి గడియారం ప్రకారం రోజుకు ఐదుసార్లే చాలు, కాబా వైపు తిరగగలిగితే తిరుగు, లేదా భూమి వైపు, అదీ కుదరకపోతే ఎటైనా సరే.

దీన్ని చెప్పుకుని నవ్వేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ మండలి మీద గౌరవం కలిగింది. నియమాన్ని పట్టుకుని మనిషిని వదిలేయకుండా, మనిషి కోసం నియమాన్ని కాస్త వంచారు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ విశ్వజనీనమైనది నియమం కాదు, దాన్ని వంచిన చెయ్యి.

తెలుగులో రెండు మాటలున్నాయి. ఎవరైనా, అందరూ. ఎవరైనా వచ్చి తినొచ్చు అనే సత్రం ఒకటి. ఊళ్ళో ఇంకెవరింట్లోనూ పొయ్యి వెలగకూడదు, అందరూ ఇక్కడే తినాలి అనే సత్రం ఇంకొకటి. మొదటిది ఔదార్యం. రెండోదాన్ని ఏమంటారో ఊళ్ళోవాళ్ళనే అడగాలి. మతాల విశ్వజనీనత గురించి జరిగే వాదనల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చిన గొడవే.

మొదటి అర్థంలో ఇస్లాం పరీక్ష నెగ్గింది. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద ఆధిక్యం లేదని ప్రవక్త 632లో చివరి హజ్ ప్రసంగంలో చెప్పినట్టు సంప్రదాయం. ఇవాళ ప్రపంచ ముస్లింలలో అరబ్బులు ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటారు. ఏ అరబ్ దేశంలోనూ లేనంతమంది ముస్లింలు ఇండోనేషియాలో ఉన్నారు. తెల్లజాతి మొత్తాన్నీ సైతానుగా భావించిన అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్, 1964లో హజ్‌కు వెళ్ళి నీలికళ్ళ తెల్లవాళ్ళతో ఒకే పళ్ళెంలో తిని, తన అభిప్రాయం మారిందని ఇంటికి ఉత్తరాలు రాశాడు.

రెండో అర్థంలోకి వస్తే కథ వేరు. ఇవాళ క్రైస్తవులు దాదాపు 230 కోట్లు, ముస్లింలు దాదాపు 200 కోట్లు. ప్రపంచంలో మూడో వంతు తనదని చెప్పుకోగల మతం ఇవాళ ఒక్కటీ లేదు. పోనీ, చేరినవాళ్ళనైనా మతం ఒక్కటే పట్టి ఉంచగలదా? 1948 మార్చి 21న జిన్నా ఢాకా వచ్చి పాకిస్తాన్ రాజభాష ఉర్దూ ఒక్కటేనన్నాడు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు. 1971లో దేశమే విడిపోయింది. ఒకే కిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవాళ్ళు అమ్మ నేర్పిన మాట దగ్గర వేరయ్యారు. (భాష అయినా కలిపి ఉంచుతుందా అంటే, 2014 చూసిన తెలుగువాళ్ళం మనం నోరు మెదపకపోవడం మంచిది.)

టర్కీది మరీ చిత్రం. ముస్లిం లోకానికంతటికీ పెద్దదిక్కు అనుకున్న ఖిలాఫత్‌ను 1924 మార్చి 3న టర్కీ వాళ్ళే రద్దు చేశారు. దాన్ని కాపాడాలని ఇక్కడ మనవాళ్ళు హిందువులు, ముస్లింలు కలిసి వీధుల్లోకి వచ్చారు; అక్కడివాళ్ళు ఖలీఫాను దేశం దాటించారు. ఆ చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు 1931లో నిజాం పెద్దకొడుకు భార్య అయింది. పురానీ హవేలీ దగ్గర దుర్రుషెహ్వార్ ఆసుపత్రి ఆమె పేరుదే. విశ్వసామ్రాజ్యపు ఆఖరి గుర్తు మన పాతబస్తీలో ఓపీ చీటీల మీద అచ్చవుతోంది. టర్కీ అక్కడితో ఆగలేదు. 1932 నుంచి అజాన్ కూడా టర్కీ భాషలోనే ఇవ్వాలంది. జనం పద్దెనిమిదేళ్ళు ఓర్చుకున్నారు. 1950లో కొత్త ప్రభుత్వం వచ్చీరాగానే నిషేధం ఎత్తేస్తే అజాన్ మళ్ళీ అరబ్బీలో మోగింది. తమకు రాని భాషలోని పిలుపే తమదని వాళ్ళు అనుకున్నారు. స్థానికం కావాలని పైనుంచి హుకుం జారీ చేసినా పని జరగదన్నమాట. మన దగ్గర ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చినవాడిగా చిలుకూరి నారాయణరావు గారిని చెబుతారు. ఆ పని ఎంత గొప్పదైనా నమాజులో తెలుగు వినపడదు. అనువాదం అర్థం చేసుకోవడానికి, అరబ్బీ మోకరిల్లడానికి.

లోకమంతటిదానికీ స్థానికానికీ మధ్య పడిన ఈ ముడిని విప్పాలని చూసినవాళ్ళలో ఇక్బాల్ ఒకడు. ఆయన మద్రాసు, హైదరాబాదు, అలీగఢ్‌లలో చేసిన ఉపన్యాసాలు 1930లో పుస్తకంగా వచ్చాయి. అందులో 18వ శతాబ్దపు ఢిల్లీ పండితుడు షా వలీయుల్లా ఆలోచనను తీసుకుని ఒక మాటంటాడు. సర్వమానవులకూ ధర్మం చెప్పే ప్రవక్త ఒక్కో జాతికి ఒక్కో ధర్మం ఇవ్వలేడు. ఎవరి నియమాలు వాళ్ళే రాసుకోండని వదిలేయనూ లేడు. అందుకని ఒక జాతిని తీర్చిదిద్ది, వాళ్ళ అలవాట్ల మీదుగానే సూత్రాన్ని నిలబెడతాడు. ఆ క్రమంలో వచ్చిన శిక్షల వంటి వివరాలు ఒకరకంగా ఆ జాతివే. తర్వాతి తరాల మీద వాటిని కచ్చితంగా రుద్దకూడదు. ఇలా అన్నది బయటినుంచి వచ్చిన విమర్శకుడు కాదు, ముస్లింలు నెత్తిన పెట్టుకున్న కవి. సూత్రమేదో, అలవాటేదో విడదీసే కత్తి ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే తగువంతా.

జావా ద్వీపంలో కుదుస్ అనే పట్టణంలో 16వ శతాబ్దపు మసీదు ఉంది. దాని మీనారు ఎర్ర ఇటుకలతో అచ్చం అక్కడి పాత హిందూ గుడిలా ఉంటుంది. చుట్టుపక్కల హిందువుల మనసు నొప్పించవద్దని అక్కడి ముస్లిం గురువు సునాన్ కుదుస్ ఆవును కోయవద్దన్నాడట. ఇప్పటికీ ఆ ఊరి సూప్ గేదె మాంసంతో చేస్తారు. ఇండోనేషియా ఇస్లాంకు అరబ్బు దేశాల నుంచి సర్టిఫికెట్ అక్కర్లేదనే ధైర్యం అలాంటి మీనార్ల నుంచే వచ్చి ఉంటుంది. క్రైస్తవానికీ ఇదే పాఠం కష్టం మీద వచ్చింది. పెద్దలకు మొక్కే చైనా ఆచారాలను రోమ్ నిషేధించింది, ఆ నిషేధం తీసేసరికి 1939 అయింది.

మన సంగతి. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండగకు లక్షలమంది వస్తారు, ఎక్కువమంది హిందువులే. అక్కడి పీరు కుళ్ళాయిస్వామి. కుళ్ళాయప్ప అని కొడుక్కి పేరు పెట్టుకున్న హిందూ తండ్రిని ఇది ఏ మతమయ్యా అని అడిగితే ప్రశ్నే అర్థం కానట్టు చూస్తాడు. గుంటూరు, నెల్లూరు జిల్లాల మస్తానయ్యలూ, కడప దస్తగిరులూ అంతే. ఈ పండగ తలచుకునే ప్రవక్త మనవడు హుస్సేన్ కర్బలాలో చనిపోయింది 680లో. ఆ దుఃఖం ఇక్కడిదాకా వచ్చి, డప్పు దరువూ నిప్పుల గుండమూ నేర్చుకుంది.

ఇదంతా ముద్దుగా చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఈ నేల వచ్చినవాళ్ళకు డప్పు ఒక్కటే నేర్పలేదు, కులమూ నేర్పింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలలో వెనుకబడినవాళ్ళకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు, ఒక్కో వృత్తి పేరు, ఒక్కో తెగ పేరు రాసి జాబితా తయారుచేయవలసి వచ్చింది. దూదేకులవాళ్ళు అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులు బీసీ-సి. అరబ్బుకూ అరబ్బు కానివాడికీ తేడా లేదన్న మాట అరేబియా సముద్రం దాటింది, తుంగభద్ర దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది, వాకిట్లోనే దాన్ని ఏ కులమని అడిగాం.

అన్ని దారులూ ఒక్కచోటికేనని 1893లో చికాగోలో వివేకానందుడు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న దగ్గర్నుంచి, అసలైన విశ్వమతం మాదేనని మనవాళ్ళకూ ఒక ధీమా. వినడానికి బాగుంది. నాదొక పాత సందేహం: చేరాలనుకున్న విదేశీయుడు ఏ కులంలో చేరతాడు? ఇంట్లో పుట్టినవాళ్ళకే కులం నుంచి విడుదల దొరకక అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. ఎవరైనా రావచ్చు అనే గుమ్మమే సరిగ్గా లేని ఇల్లు, అందరికీ ఇల్లు నేనే అనకూడదు.

నిరుడు మొహర్రంకు మా వైపు ఒక పల్లెకు వెళ్ళాను. చావిడిలో ముజావరు తాత పీర్లకు పట్టుబట్టలు కడుతున్నాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మనవడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. "తాతా, ఇది మన దీన్‌లో ల్యా. ఆడ ఎవరూ చేయరు" అన్నాడు. తాత ముడి బిగిస్తూనే "ఆడ వాన ఎప్పుడు పడుతుందో నాకు తెల్దు నాయినా. ఈడ పీర్లు లేయకపోతే పడదంటారు వీళ్ళంతా" అన్నాడు. మనవడు ఇంకేదో అనబోయాడు. ఇంతలో బయటి నుంచి ఎవరో కేకేశారు. గుండానికి కట్టెలు తోలే వంతు ఈ ఏడు బోయోళ్ళదా, గొల్లోళ్ళదా అని. తాత పీరును గోడకు ఆనించి లేచాడు. ఇద్దరూ ఆ తగువు తీర్చడానికి వెళ్ళిపోయారు.