ద్వేషం వేషానికా, వేషధారికా?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అన్నది మన పెద్దల మాట. రుచి అనేది ఉన్నచోట అరుచి కూడ ఉండక తప్పదు. నచ్చినదానిని మెచ్చుకొనుట మనకు బాల్యం నుండి నేర్పుతారు. నచ్చనిదాని యెడల ఎట్లు నడుచుకొనవలెనో మాత్రం ఏ పాఠ్యగ్రంథమూ నేర్పదు. ఈ లోటును గురించి ఆలోచించుటకై మేము అమెరికా దేశపు వృత్తి కుస్తీని, దాని ప్రేక్షకులను ఉదాహరణగా తీసికొనుచున్నాము. విద్యాలయపు వార్షిక సంచికలో కుస్తీ గోల యేమిటని కళాశాల సంఘపు పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చును. చివరి వరకు చదివిన పిమ్మట తీర్పు చెప్పవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాము.

కుస్తీ అనగానే మన హైదరాబాదు వారికి తాలీంఖానాలు, ఉస్తాదులు, ఎర్రమట్టి గోదాలు జ్ఞప్తికి వస్తవి. 1910లో లండను నగరానికి వెళ్ళి జిబిస్కో వంటి మల్లునితో తలపడిన గామా పహిల్వాను పేరు వినని వారుండరు. మేము చెప్పబోవునది ఆ కుస్తీ కాదు. టెలివిజనులో వచ్చే వృత్తి కుస్తీలో ఎవరు గెలువవలెనో, ఎవరు ఓడవలెనో ముందుగానే నిర్ణయమై ఉండును. ఇది క్రీడ కాదు, వినోద ప్రదర్శన మాత్రమే అని 1989లో నిర్వాహక సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల యెదుట అంగీకరించినారు. అయినంత మాత్రాన దెబ్బలు అబద్ధమని అనుకొనరాదు. ఎత్తు నుండి పడిన దేహానికి నొప్పి నిజమే. కథ కల్పితం, శ్రమ యథార్థం. మన నాటకానికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉన్నది.

ఈ నాటకంలో నాయకుని ‘ఫేస్’ అనీ, ప్రతినాయకుని ‘హీల్’ అనీ పిలుతురు. ప్రతినాయకుని పని ప్రేక్షకులకు కోపం తెప్పించుట. అతడు వచ్చిన ఊరినే దూషించును, రెఫరీ అటు తిరిగినప్పుడు దొంగదెబ్బ తీయును, బలవంతుడు ఎదురైనచో పారిపోవును. జనం ఛీకొట్టిన కొలది అతని విద్య ఫలించినట్లు. ఆ ఈలలు, ఆ కేకలే అతని కూలి. దానికి వారి పరిభాషలో ‘హీట్’ అని పేరు. మన తెరపై సూర్యకాంతమ్మగారు గయ్యాళి అత్తగా నోరు విప్పినప్పుడు ఇంటిల్లిపాదీ తిట్టుకొనెడివారు. తమ బిడ్డకు ఆ పేరు పెట్టుకొనుటకు కూడ జంకెడివారని చెప్పుకొందురు. అది ఆమె నటనకు దక్కిన కీర్తియే గాని అపకీర్తి కాదు. కనుక వేషాన్ని ద్వేషించుట తప్పని మేము అనము. అది ఆటలో భాగం, ఇరుపక్షాల వారికీ తెలిసిన ఒప్పందం.

రెండవ రకపు అయిష్టం మరొకటి ఉన్నది. నిర్వాహకులు ఒకనిని నాయకునిగా తెచ్చి నిలబెట్టి, ఇతనిని ప్రేమించుడని ఆజ్ఞాపించినప్పుడు ప్రేక్షకులు తిరుగబడుదురు. 1996లో రాకీ మైవియా అనే యువకుని నిష్కళంక వీరునిగా ప్రవేశపెట్టినారు. కొద్ది నెలలకే జనం అతని చావు కోరుతూ కేకలు వేసినారు. అతడు 1997లో ప్రతినాయకుడై, ‘రాక్’ అన్న పేరుతో మాటకారితనం చూపి, ఆ జనం చేతనే జేజేలు కొట్టించుకొన్నాడు. 2014 జనవరిలో పిట్స్‌బర్గులో జరిగిన రాయల్ రంబుల్ పోటీలో తాము కోరిన డేనియల్ బ్రయన్ పేరైనా లేకపోయేసరికి, గెలిచిన బాటిస్టాను ప్రేక్షకులు ఎలుగెత్తి గేలిచేసినారు. నిర్వాహకులు తలవంచి కథ మార్చుకొనవలసి వచ్చినది. అదే ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్సులో బ్రయన్ విజేత అయినాడు. ఇందులో ప్రజాభిప్రాయానికి ఉన్న బలం కనబడుచున్నది. ఇటువంటి నిరసనను కూడ మేము తప్పు పట్టము. ఆ కోపం ఆజ్ఞ ఇచ్చినవారి మీదిది. అయితే ఆ కేకలను చెవులారా వినవలసినవాడు మాత్రం రింగులో నిలిచిన మనిషి. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

రోమన్ రెయిన్స్ అనే మల్లుని చరిత్ర ఇందుకు సాక్ష్యం. 2015 జనవరి 25న ఫిలడెల్ఫియాలో అతడు రాయల్ రంబుల్ గెలిచినాడు. జనాదరణ గల రాక్ స్వయంగా వచ్చి చేయెత్తి నిలిపినను ప్రేక్షకులు శాంతించలేదు. 2017 ఏప్రిల్‌లో అండర్‌టేకరును ఓడించిన మరునాటి రాత్రి అతడు మాట్లాడుటకు వచ్చినప్పుడు, నిమిషాల తరబడి నోరు విప్పనీయక అరచినారు. ఒక్క వాక్యం మాత్రం పలికి అతడు వెళ్ళిపోయినాడు. మరుసటి సంవత్సరం, 2018 అక్టోబరు 22న, అతడే రింగులో నిలిచి తన అసలు పేరు చెప్పి, తనకు రక్తపు కాన్సరు తిరుగబెట్టినదని, ఇంతకు మునుపు ఇరువది రెండేళ్ళ వయసులోనే అది సోకినదని తెలిపినాడు. ఆనాడు ఆ సభలో వినబడినది గేలి కాదు. కృతజ్ఞతతో కూడిన కేక, కొందరి కన్నీరు. 2019 ఫిబ్రవరిలో అతడు తిరిగి వచ్చినప్పుడు లేచి నిలబడి స్వాగతం పలికినారు. మేము అడుగునదేమనగా, ఆ మనిషి 2017లోనూ మనిషే గదా! అతనిని మనిషిగా చూచుటకు అతనికి వ్యాధి రావలసినదేనా?

ఇక మూడవ రకపు ద్వేషం. ఇది హద్దు మీరినది. 1976లో దక్షిణ కరొలైనా రాష్ట్రంలో ఓలీ ఆండర్సన్ అనే ప్రతినాయకుని ఒక వృద్ధ ప్రేక్షకుడు కత్తితో పొడిచినాడు. 1991 జనవరిలో గల్ఫు యుద్ధం ఆరంభమైన రెండు దినాలకే, కథలో ఇరాకును సమర్థించు పాత్ర ధరించిన సార్జెంట్ స్లాటర్ అనే అమెరికనును విజేతగా చేసినారు. తనకూ తన కుటుంబానికీ చంపుదుమన్న బెదిరింపులు వచ్చినవని అతడు తరువాత చెప్పినాడు. వేషధారి చనిపోయినచో వేషం చచ్చునా? ఈ చిన్న ప్రశ్న ఆవేశంలో ఉన్నవానికి తోచదు.

ద్వేషానికి జాతి, మతం తోడైనప్పుడు సంగతి మరింత విషమించును. 1979 నుండి 1981 వరకు టెహరానులో 52 మంది అమెరికనులు 444 దినాలు బందీలుగా ఉన్నారు. ఆ గాయం పచ్చిగా ఉన్న కాలంలో ‘ఐరన్ షేక్’ అనే ఇరాను దేశీయుని ప్రతినాయకునిగా చూపి, 1983 డిసెంబరు 26న విజేతను చేసి, నెల తిరుగక ముందే హల్క్ హోగన్ చేత ఓడించినారు. ఆ ఇరానీయుడు నిజజీవితంలో అమెరికా కుస్తీ క్రీడాకారులకు శిక్షకునిగా పనిచేసినవాడు. వేషం అతనిని ఆ దేశానికి శత్రువును చేసినది.

ముహమ్మద్ హసన్ కథ మనం ప్రత్యేకించి ఆలోచింపదగినది. 2004 చివర ఈ పేరుతో ఒక పాత్రను ప్రవేశపెట్టినారు. తాను అమెరికాలో పుట్టి పెరిగిన అరబ్బుననీ, 2001 సెప్టెంబరు 11 తరువాత తనవంటి వారిని అందరూ అనుమానంతో చూచుచున్నారనీ ఆ పాత్ర వాపోవును. ఆలోచించి చూడగా అది న్యాయమైన ఫిర్యాదే. ఆ మాటను ప్రతినాయకుని నోట పెట్టుట వలన ఏమైనది? ప్రతినాయకుని గేలిచేయుట ప్రేక్షకుని ధర్మం కాబట్టి, ఆ ఫిర్యాదును కూడ గేలిచేయుట ధర్మమైనది. అతడు నోరు విప్పినంతనే దేశం పేరు నినాదంగా మ్రోగెడిది. ఆ వేషం వేసిన మార్క్ కోపాని అరబ్బు కాడు. ఇటలీ సంతతికి చెందిన అమెరికను.

2005 జూలై 4న చిత్రీకరించిన ఒక ఘట్టంలో హసన్ ప్రార్థించునట్లు మోకరిల్లగా, ముసుగులు ధరించిన అయిదుగురు వచ్చి అండర్‌టేకరుపై పడి తీగతో గొంతు బిగించినారు. అది అమెరికాలో ప్రసారమైన జూలై 7వ తేదీనాడే లండనులో బాంబులు ప్రేలినవి. ప్రసారసంస్థ ఆ పాత్ర ఇక వలదన్నది. జూలై 24న హసన్‌ను అండర్‌టేకరు చేత చిత్తుగా ఓడింపజేసి పాత్రను ముగించినారు. సెప్టెంబరులో కోపాని ఉద్యోగమూ పోయినది. ఆ ఘట్టం వ్రాసినవాడు అతడు కాడు. శిక్ష మాత్రం అతనికి పడినది. ఆయన తరువాత ఉపాధ్యాయవృత్తి చేపట్టి ఒక పాఠశాలకు ప్రధానాధ్యాపకుడైనాడు. మనవంటి విద్యార్థులకు ఆ ముగింపు కొంత ఊరట కలిగించును. కాని ఆ నెలలలో వేలాది గొంతులతో కలిసి అరచిన పిల్లవాడు, మరునాడు తన తరగతిలో అదే పేరుగల సహాధ్యాయి ప్రక్కన కూర్చున్నప్పుడు ఏ కన్నుతో చూచి ఉండును? మా భయం ఇదే.

అన్నీ చీకటి కథలే కావు. సామీ జేన్ అనే మల్లుడు సిరియా నుండి కెనడాకు వలస వచ్చిన దంపతుల బిడ్డ, ముస్లిము. అతని మతాన్ని గాని జాతిని గాని అతని వేషంగా మార్చలేదు. కొన్నాళ్ళు ప్రతినాయకుడై హాస్యంతో తిట్లు తిన్నాడు, తరువాత నాయకుడైనాడు. 2023 ఫిబ్రవరి 18న మాంట్రియల్ నగరంలో అతడు రెయిన్స్‌తో తలపడినప్పుడు సొంత ప్రాంతపు జనం అతనికి పట్టిన బ్రహ్మరథం చూడదగినది. అతడు ఓడినను ఆ ఆదరణ ఓడలేదు. ఆనాడు ప్రతినాయకుడైన రెయిన్స్‌ను కూడ జనం మనసారా ఛీకొట్టినారు. కాని ఈసారి అది వేషానికి చెందిన ఛీత్కారం. 2020లో ప్రతినాయకునిగా మారిన పిమ్మట అతడు కోరుకొన్నదీ అదే. అతడు 1,316 దినాలు విజేతగా నిలిచినాడు. మనిషి మారలేదు, గొంతులు మారలేదు. ఆ అరుపుల వెనుక నున్న భావం మాత్రం మారినది.

డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవానికి ఇష్టం వచ్చినట్లు అరచు హక్కు లేదా అని కొందరు వాదింతురు. ఉన్నది. నచ్చలేదని చెప్పుట ప్రేక్షకుని హక్కు. అయితే టిక్కెట్టు ఆటను చూచుటకు కొన్నదే గాని ఆటగాని పరువును కొనినది కాదు. అతని పుట్టుక, మతం, దేహం, కుటుంబం ఆ వెలలో చేరవు. తప్పంతా ప్రేక్షకునిదే అనుట కూడ అన్యాయం. ద్వేషం వలన టిక్కెట్లు అమ్ముడుపోవునని తెలిసి ఒక మతం వారి వేషాన్ని ఎరగా వేసినవారి బాధ్యత మరింత పెద్దది. అయినను ఎర వేసినవారిని మనం ఆపలేకపోవచ్చును. కొరకకుండుట మన చేతిలోని పని.

మన ఉర్దూ ముషాయిరాలలో ఈ విషయమై ఒక చక్కని సంప్రదాయం ఉన్నది. షేరు నచ్చినచో ‘వాహ్వా’ అందురు, ‘ముకర్రర్’ అని మరల చదివించుకొందురు. నచ్చనిచో శ్రోతలు మౌనం వహింతురు. ఆ మౌనంలో తీర్పు ఉన్నది, అవమానం లేదు. కుస్తీ రంగంలోనూ అంతే. ప్రతినాయకుడు తిట్లకు వెరవడు. జనం చూపు మరల్చి పలుకకుండుటకే వెరచును. మౌనం అంత పదునైన ఆయుధమై ఉండగా మురికి మాటలతో పని యేమి?

ఈ సంగతులు అమెరికాకే పరిమితం కావు. 2023 సెప్టెంబరు 8న మన హైదరాబాదులోని గచ్చిబౌలి స్టేడియంలోనే ఆ మల్లులు ప్రదర్శన ఇచ్చి వెళ్ళినారు. జాన్ సీనాను చూచుటకు మన పిల్లలును ఎగబడినారు. వారి ఆట మనకు వచ్చినది గనుక వారి అలవాట్లును రావచ్చును. అసలు అవి మన దగ్గర లేవని చెప్పగలమా? మా సహాధ్యాయి ఒకరు కళాశాల నాటకంలో వడ్డీవ్యాపారి వేషం వేసి సభను మెప్పించినారు. ఈలలు, కేకలు మారుమ్రోగినవి. అంతవరకు బాగుగనే ఉన్నది. కాని ఆ తరువాత సంవత్సరమంతా ఆయనను ఆ పాత్ర పేరుతోనే పిలిచి, అప్పు ఇమ్మని వెంటబడి వేళాకోళం చేసినాము. మరుసటి ఏడు వేషం వేయుమని అడిగినప్పుడు ఆయన తల అడ్డంగా ఊపినారు. కారణం మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. మంచి నటుడు ఒకడు మాకు లేకుండ పోయినాడు. అందుకు మేమే బాధ్యులము.

కనుక మిత్రులకు మా మనవి ఒక్కటే. రంగస్థలంపై గాని, క్రీడారంగంలో గాని, విద్యార్థి ఎన్నికల వేదికపై గాని నచ్చనిదానిని నిస్సంకోచంగా నిరసించుడు. వేషాన్ని తిట్టుడు, పద్యం తప్పిన గాయకుని యెడల మౌనం వహించుడు, కార్యక్రమం బాగులేకున్న నిర్వాహకులను నిలదీయుడు. కాని తెర దిగిన పిమ్మట వేషధారి మన తోటివాడని మరువకుడు. కళాశాల సంఘపు పెద్దలకు కూడ ఒక మాట. వచ్చే వార్షికోత్సవంలో నాటకం ముగిసిన తరువాత నటీనటులందరినీ వేదికపైకి పిలిచి, వారి అసలు పేర్లతో సభకు పరిచయం చేయుడు. దానికి పట్టునది అయిదు నిమిషములు. ప్రతినాయకుని పేరు ముందుగా పిలిచినచో మరింత సంతోషింతుము.