రోజూ పనికి పోతున్నా పేదరికం పోదేం?
సింగరేణి కాంట్రాక్టు కార్మికుల జీతాలు – ప్రభుత్వ విధానాలు

మందమర్రి: పని దొరకనివాడే పేదవాడన్నది ఒకప్పటి మాట. నెలకు 26 మస్టర్లు నింపినా ఇల్లు గడవని కుటుంబాలు నేడు బొగ్గుబెల్టులో వేల సంఖ్యలో ఉన్నాయి. మందమర్రి, రామకృష్ణాపూర్, కాసిపేట పరిసర గ్రామాల నుంచి తెల్లవారకముందే సద్దిగిన్నెలు కట్టుకొని ఓపెన్‌కాస్టులకు, సీహెచ్‌పీలకు, కాలనీల పారిశుధ్యం పనులకు, ఆసుపత్రులకు, నర్సరీలకు వెళ్లేవారిలో అత్యధికులు కాంట్రాక్టు కార్మికులే. పేదరిక నిర్మూలన పేరిట ప్రభుత్వాలు అర్ధశతాబ్దికి పైగా అమలుచేస్తున్న పథకాలకూ, వీరి చేతికందే జీతానికీ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించడం అవసరం.

ఒకే గని – రెండు జీవితాలు

1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులు ఉండేవారు. యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు కొన్ని మూతపడ్డాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు నడిచాయి. ఆ సంఖ్య నేడు దాదాపు 41 వేలకు తగ్గింది. బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు; పని చేసే చేతులలో కొన్ని కంపెనీ మస్టరు నుంచి కాంట్రాక్టరు మస్టరుకు మారాయి. 2025 నాటి అధికారిక ప్రకటన ప్రకారం కాంట్రాక్టు కార్మికులు సుమారు 30 వేలు.

పర్మినెంటు కార్మికునికి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం వర్తిస్తుంది. 2023 మే నెలలో కుదిరిన 11వ ఒప్పందం ప్రకారం 19 శాతం కనీస ప్రయోజనం 2021 జూలై నుంచి లెక్కగట్టి ఇచ్చారు. క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, కారుణ్య నియామకం అతనికి ఉన్నాయి. అదే గని ఆవరణలో దుమ్ము మింగే కాంట్రాక్టు కార్మికునికి ఈ ఒప్పందం వర్తించదు.

లాభాల వాటా చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. 2023-24 లాభాలలో కార్మికుల వాటాగా రూ. 796 కోట్లు పంచినప్పుడు, మొట్టమొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా రూ. 5 వేలు ఇచ్చారు. 2025లో పర్మినెంటు కార్మికునికి సగటున రూ. 1,95,610 ముట్టగా, కాంట్రాక్టు కార్మికునికి రూ. 5,500 అందింది. అసలే లేని చోట ఎంతోకొంత ఇవ్వడం మంచి మొదలే. కాని ఈ రెండు మొత్తాల మధ్య తేడా 35 రెట్లు. పర్మినెంటు కార్మికునిది ఎక్కువని దీని అర్థం కాదు. ఎన్నో సమ్మెల తర్వాత అతను సాధించుకున్నది న్యాయమైనదే. రెండోవాడిది మరీ తక్కువన్నదే ఇక్కడి సమస్య.

సర్కారు లెక్కలో వీరు పేదలు కారు

పేదరికాన్ని ప్రభుత్వం ఎలా కొలుస్తుందో చూస్తే చిక్కు అర్థమవుతుంది. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12 సంవత్సరానికి ప్రణాళికా సంఘం గీసిన దేశస్థాయి దారిద్ర్యరేఖ తలకు రోజుకు గ్రామాలలో 27 రూపాయలు, పట్టణాలలో 33 రూపాయలు. ఆనాడే దేశమంతటా విమర్శలు చెలరేగాయి. ఆ గీత ప్రకారం చూస్తే ఏ పనో దొరికిన ప్రతి కుటుంబమూ పేదరికం నుంచి బయటపడ్డట్టే లెక్క.

ఇంతకంటె పాతదైనా, ఇంతకంటె మనిషిని దృష్టిలో పెట్టుకున్న కొలబద్ద మరొకటి ఉంది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనం ఎలా లెక్కించాలో చెప్పింది. కార్మికుని కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా తీసుకొని, ఒక్కో యూనిట్‌కు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వంటి వాటికి 20 శాతం కలపాలన్నది. పిల్లల చదువు, వైద్యం, పెళ్లిళ్లు, ముసలితనం ఖర్చుల కోసం మరో 25 శాతం చేర్చాలని సుప్రీంకోర్టు తర్వాత రెప్టకోస్ బ్రెట్ కేసులో స్పష్టం చేసింది. ఈ లెక్కతో కూలి నిర్ణయిస్తే కాంట్రాక్టు కార్మికుని ఇంటిలో అప్పు పుట్టవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఒక చేత్తో ఇచ్చి...

1971లో ‘గరీబీ హటావో’ నినాదం వచ్చింది. 1975లో 20 సూత్రాల పథకం, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం, 2006లో ఉపాధి హామీ పనులు వచ్చాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం, 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే పేద కుటుంబాలకు ఉచిత విద్యుత్తు, 2025 ఉగాది నుంచి రేషన్ కార్డుపై తలకు 6 కిలోల సన్నబియ్యం అమలులోకి వచ్చాయి. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోల బియ్యం వస్తే ఆ ఇల్లాలికి అది చిన్న సాయం కాదు.

అయితే సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వ వాటా 51 శాతం, కేంద్ర ప్రభుత్వ వాటా 49 శాతం. అంటే కార్మికునికి బియ్యం ఇచ్చేదీ ప్రభుత్వమే, అతను పనిచేసే గనికి యజమానీ ప్రభుత్వమే. జీతం చాలక ఏర్పడిన లోటును రేషన్ కార్డుతో పూడ్చుతున్నారు. జీతంలో కాంట్రాక్టరు మిగుల్చుకున్నది ప్రజల పన్నుల సొమ్ముతో భర్తీ అవుతోంది. ఈ కోణం నుంచి చూసినప్పుడు సంక్షేమ పథకం వల్ల లాభపడేది కార్మికుడు ఒక్కడే కాదని తేలుతుంది.

కార్డు నిబంధనలోనూ ఒక మెలిక ఉంది. రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి గ్రామాలలో ఏడాదికి లక్షా 50 వేలు, పట్టణాలలో 2 లక్షలు. ఉదాహరణకు ఒక కార్మికునికి రోజుకూలి రూ. 500 అనుకుందాం. 26 మస్టర్లకు నెలకు 13 వేలు, ఏడాదికి లక్షా 56 వేలు. మందమర్రి మున్సిపాలిటీలో కాపురముండే కార్మికుడు కార్డుకు అర్హుడు. అదే షిఫ్టులో అతని పక్కన పనిచేస్తూ పక్క పల్లెలో ఉండే కార్మికుడు 6 వేల రూపాయల తేడాతో అనర్హుడు. కూలి కాస్త పెరిగి నెలకు 17 వేలైతే ఏడాది ఆదాయం 2 లక్షల 4 వేలు. అప్పుడు పట్టణంలోని వాడూ కార్డు పోగొట్టుకుంటాడు. జీతం పెంచమని అడగడానికే కార్మికుడు వెనుకాడే పరిస్థితి రాకూడదంటే, కూలి రేట్లతో పాటు ఈ పరిమితిని కూడా ఎప్పటికప్పుడు సవరించాలి.

చట్టాలున్నాయి, కాని...

కార్మికునికి చట్టాల రక్షణ లేదనలేము. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చింది. కంపెనీ కార్మికుడు చేసే పనినే కాంట్రాక్టు కార్మికుడు చేస్తే సమాన జీతం ఇవ్వాలని దాని నియమావళి చెప్పింది. 1975 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం బొగ్గు గనులలో బొగ్గు తీత, ఎగుమతి దిగుమతి, ఓవర్‌బర్డెన్ మట్టి తొలగింపు వంటి పనులలో కాంట్రాక్టు పద్ధతిని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. అయినా ఓపెన్‌కాస్టులలో మట్టి తీసే పని నేడు ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతిలోనే ఉంది.

నిషేధించిన పనిలో ఉన్నంత మాత్రాన కార్మికుడు తనంతట తానే పర్మినెంటు కాడని 2001లో సుప్రీంకోర్టు స్టీల్ అథారిటీ కేసులో తీర్పు చెప్పింది. ఆ తర్వాత కాంట్రాక్టు పద్ధతి మరింత విస్తరించింది. మరోవైపు 2024 మార్చిలో ఒడిశాలోని మహానది కోల్‌ఫీల్డ్స్‌కు చెందిన 13 మంది కార్మికుల కేసులో, వారిది నిత్యం ఉండే పని గనుక పర్మినెంటు చేయవలసిందేనని అదే న్యాయస్థానం తేల్చింది. పని స్వభావాన్ని రుజువు చేసుకోగలిగిన చోట న్యాయం దొరుకుతుందనడానికి ఇది నిదర్శనం. ఆ రుజువుకు ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరగగల స్తోమత ఎందరికి ఉంటుంది?

కోల్ ఇండియా గనులలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలు 2013 జనవరి నుంచి వర్తింపజేశారు. నైపుణ్యం లేని పనికి ఆనాడే రోజుకు రూ. 464గా నిర్ణయించి, కరువు భత్యం చేర్చే ఏర్పాటు చేశారు. సింగరేణిలో ఇవి అమలు చేయాలన్నది కార్మికుల ప్రధాన కోరిక. 2022 సెప్టెంబరులో 18 రోజుల పాటు జరిగిన సమ్మెకు మూలం కూడా ఇదే.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. నిర్ణీత కాలానికి నేరుగా నియమించిన ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు కల్పించడం, దేశవ్యాప్తంగా ఒక కనీస హద్దు వేతనం నిర్ణయించే వీలు వీటిలోని మంచి అంశాలు. కాంట్రాక్టు నిబంధనలు వర్తించే పరిమితిని 20 మంది కార్మికుల నుంచి 50కి పెంచడం ప్రతికూల అంశం. చిన్న కాంట్రాక్టరు దగ్గర పది ఇరవై మందిగా చీలి పనిచేసే పారిశుధ్యం, తోటపని కార్మికులు దీనివల్ల నష్టపోయే ప్రమాదముంది.

టెండరులోనే అసలు కీలకం

జీతం తగ్గడానికి దారి టెండరులోనే పడుతుంది. అందరికంటె తక్కువకు కోట్ చేసినవానికే పని. యంత్రాల ధర, డీజిలు ధర ఎవరూ తగ్గించలేరు. లెస్‌కు పని పట్టిన కాంట్రాక్టరు తగ్గించుకోగలిగింది కూలి, మనుషుల సంఖ్య మాత్రమే. పది మంది చేయవలసిన పని ఏడుగురితో చేయించడం, భవిష్యనిధి జమ ఆలస్యం చేయడం అక్కడి నుంచే పుడతాయి. టెండరు కాలం ముగిసి కాంట్రాక్టరు మారినప్పుడల్లా కార్మికుని సర్వీసు మళ్లీ మొదటికి వస్తుంది. పదిహేనేళ్లుగా అదే చోట ఊడ్చుతున్న మహిళ కాగితం మీద కొత్త కార్మికురాలే. గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్ల వరుస సర్వీసు ఆమెకు ఎన్నటికీ పూర్తి కాదు.

వీరి తరఫున మాట్లాడేవారూ తక్కువే. 2023 డిసెంబరు 27న జరిగిన సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలలో కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. షెడ్యూల్డు ప్రాంత వివాదం కారణంగా మందమర్రి మున్సిపాలిటీకి దశాబ్దాలుగా ఎన్నికలు లేక, మొర వినిపించుకొనే వార్డు కౌన్సిలరు కూడా లేడు.

భారం ఎంత?

వేతనాలు పెంచితే కంపెనీ తట్టుకోలేదన్న వాదన ఉంది. విద్యుత్ సంస్థల నుంచి రావలసిన బకాయిలు, కొత్త గనుల పెట్టుబడి నిజమైన సమస్యలే. అయినా లెక్క వేసి చూడవచ్చు. 30 వేల మందికి రోజుకు అదనంగా 200 రూపాయలు ఇస్తే, నెలకు 26 రోజుల చొప్పున ఏడాదికి అయ్యేది సుమారు 187 కోట్లు. 2024-25కు ప్రకటించిన లాభం రూ. 6,394 కోట్లు. అంటే నూరు రూపాయల లాభంలో మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఒక్కో ఇంటికి నెలకు 5,200 రూపాయలుగా చేరతాయి. అది మందమర్రి అంగడిలో, పల్లె కిరాణా కొట్టులో, పిల్లల బడి ఫీజులో, వడ్డీ వ్యాపారి బాకీలో కనిపిస్తుంది. ఈ ప్రాంతపు చిన్న వ్యాపారికి, కూరగాయలు పండించే రైతుకు కూడా అది లాభమే.

చేయవలసినవి

కాంట్రాక్టు కార్మికుల జీతాన్ని టెండరు పోటీ నుంచి విడదీయడం మొదటి పని. కూలి మొత్తాన్ని ముందుగానే ఖరారు చేసి, మిగతా ఖర్చుల మీదనే పోటీ పెట్టవచ్చు. కాంట్రాక్టరు మారినా కార్మికుడు, అతని సర్వీసు మారకుండా కంపెనీయే ఒక జాబితా నిర్వహించాలి. హైపవర్ వేతనాలపై తేల్చాలి. కాంట్రాక్టు కార్మికుని కుటుంబమంతటికీ కంపెనీ ఆసుపత్రులలో వైద్యం అందించాలి.

కార్మికులు తెలుసుకోవలసినదీ ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే చెల్లించవలసిన బాధ్యత పని అప్పగించిన కంపెనీదే. ఇది 1970 చట్టంలోనూ ఉంది, కొత్త స్మృతిలోనూ ఉంది. అయితే మస్టరు రుజువు, జీతం చిట్టీ, బ్యాంకు పాసుబుక్కు, భవిష్యనిధి నంబరు చేతిలో లేనివాడు ఆ హక్కును అడగలేడు. ప్రతి నెలా ఆ చిట్టీ అడిగి తీసుకోవడం మరువరాదు. బొగ్గు గనుల విషయంలో ఫిర్యాదు చేయవలసింది కేంద్ర కార్మిక శాఖ అధికారులకు.

బియ్యం, కరెంటు, బస్సు పథకాలు ఆకలిని ఆపగలవు. ఇల్లు కట్టుకోవడం, కూతురిని కాలేజీకి పంపడం, జబ్బు చేస్తే అప్పు లేకుండా గట్టెక్కడం జీతంతోనే సాధ్యం. రాష్ట్రంలో ప్రైవేటు యజమానులు ఎంత కూలి ఇవ్వాలో చెప్పే ప్రభుత్వం, తాను యజమానిగా ఉన్న గనిలో ఎంత ఇస్తున్నదో ముందు చూసుకోవాలి. పేదరిక నిర్మూలనకు మందమర్రిలో కొత్త పథకం అవసరం లేదు. నెల మొదటివారంలో కార్మికుని ఖాతాలో పడే జీతం సరిపడా ఉంటే చాలు.