గాలి మీటరు కొనండి, చవకైనదే కొనండి



వేసవి వచ్చిందంటే టీవీలో ఒక మాట తరచూ వింటాం: "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు వీచే అవకాశం ఉంది." పక్కన కూర్చున్న మీ అమ్మాయి "నాన్నా, యాభై అంటే ఎంత గాలి?" అని అడిగితే ఏం చెబుతారు? మనలో చాలామంది "చాలా గాలమ్మా" అని ఊరుకుంటాం. ఎండ 44 డిగ్రీలంటే జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు, ఒంటికే తెలుసు. గాలి విషయంలో అలా కాదు. ఆ అంకె మనకు వినికిడి మాత్రమే.

ఈ సెలవుల్లో పిల్లలకు ఏదైనా కొనాలనుకుంటే, చేతిలో ఇమిడే గాలివేగం మీటరు కొనమని నా సలహా. దీన్నే ఎనిమోమీటర్ అంటారు. చిన్న ఫ్యాన్ లాంటి రెక్కల చక్రం ఉన్నవి ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి. వేడి తీగతో పనిచేసే రకం ఏసీ గొట్టాలు పరీక్షించే వారికి కావాలి. అది సున్నితం, ఖరీదు ఎక్కువ, పిల్లల చేతికి తగదు.

కొనేముందు నాలుగు విషయాలు చూసుకోండి. గంటకు కిలోమీటర్లు, సెకనుకు మీటర్లు రెండూ చూపాలి. గరిష్ఠ వేగంతో పాటు సగటు వేగం కూడా చూపాలి. మన ఊరి కొట్లో దొరికే బ్యాటరీ పట్టాలి. నచ్చకపోతే వెనక్కి పంపే వీలుండాలి. బ్లూటూత్, యాప్ లాంటి హంగులకు అదనంగా డబ్బు పెట్టకండి. సెకనుకు 30 మీటర్ల వరకు కొలిస్తే చాలు, అంటే గంటకు 108 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలుల వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. మన మెట్ట ప్రాంతపు సరదాకు అంతకు మించి అక్కర్లేదు.

"చవక మీటరు తప్పు చూపదా?" అని మీరు అడగవచ్చు. కొంత చూపుతుంది. చాలావాటి మీద 5 శాతం అటూ ఇటూ అని రాసే ఉంటుంది. అంటే 20 చూపితే అసలు వేగం 19కీ 21కీ మధ్య ఉండొచ్చు. పిల్లలు నేర్చుకోవాల్సిందీ అదే. ఏ కొలతలోనైనా కొంత తేడా ఉంటుందని పుస్తకంలో చదవడం వేరు, చేతిలో చూడడం వేరు. పెట్టె విప్పగానే టేబుల్ ఫ్యాన్ ముందు ఒకే దూరంలో మూడుసార్లు పెట్టి చూడమనండి. మూడూ దగ్గర దగ్గరగా వస్తే ఉంచుకోండి, లేదంటే తిప్పి పంపేయండి.

అసలు పొరపాటు మీటరు కంటే మనం నిలబడే చోటులో ఎక్కువగా జరుగుతుంది. మేడ మీద పిట్టగోడ పక్కన నిలబడితే గాలి సుళ్లు తిరిగి అంకె గంతులేస్తుంది. ఖాళీ మైదానంలో, చెయ్యి బాగా చాచి, రెక్కలు గాలికి ఎదురుగా ఉండేలా పట్టుకోవాలి. వాతావరణ శాఖ వాళ్లు బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు. నేల దగ్గర చెట్లు, ఇళ్లు గాలిని అడ్డుకుంటాయి కాబట్టి మన అంకె సాధారణంగా తక్కువే వస్తుంది. నందిగామ వాతావరణ కేంద్రం అంకెతో జగ్గయ్యపేటలో మీ అబ్బాయి అంకె కలవకపోతే ఎవరిదీ తప్పు కాదు. ఎందుకు కలవలేదో ఆలోచించమనండి.

రోజూ ఒకే చోట, ఒకే వేళకు, రెండు నిమిషాల సగటు నోట్‌బుక్‌లో రాయించండి. మీటరు చూసే ముందు కంటితో అంచనా వేయమనండి. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము, కాగితాలు లేస్తే 20 నుంచి 28. ఇది 1805లో బ్రిటిష్ నావికాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ మొదలుపెట్టిన పద్ధతి. నెల తిరిగేసరికి మీటరు లేకుండానే దగ్గరగా చెప్పేస్తారు.

"దీనివల్ల మార్కులు వస్తాయా?" అంటే, నేరుగా రావు. కానీ మనలో చాలా ఇళ్లలో పత్తి, మిర్చి సాగు ఉంది. గంటకు 15 కిలోమీటర్లు దాటిన గాలిలో పిచికారీ చేస్తే మందు పైరు మీద పడాల్సింది పోయి మనిషి మీద, పక్క చేను మీద పడుతుంది. తొలకరి తర్వాత ఒక ఉదయం, మందు కలపకముందే, మీ పాప గట్టు మీద నిలబడి "పద్దెనిమిది వస్తోంది నాన్నా, ఇవాళ వద్దు" అంటే ఆ వెయ్యి రూపాయలు తిరిగి వచ్చినట్టే. మందు కొట్టేటప్పుడు మాత్రం పిల్లలు చేలో ఉండకూడదు.

ఇంకొక్క మాట. మబ్బు పట్టి ఉరుములు మొదలైతే మీటరుతో సహా పిల్లలు ఇంట్లోకి వచ్చేయాలి. పెద్ద అంకె చూడాలన్న ఆశతో మేడ ఎక్కనివ్వకండి. ఆ రోజు గడి ఖాళీగా వదిలి, పక్కన "ఉరుములు" అని రాస్తే చాలు.

సెలవుల తర్వాత ఆ నోట్‌బుక్‌ను బడికి పంపండి. అందులో అంకెలు వంకరటింకరగా ఉన్నా, కొట్టివేతలున్నా ఫర్వాలేదు. అవి మీ పిల్లలు స్వయంగా కొలిచినవి.