కంటికి కనిపించి చేతికందని పాఠం

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఏ సాంకేతిక సాధనాలు అవసరమన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట వస్తువుల మీదికే పోతుంది. గోడకు పెద్ద తెర, పిల్లల చేతికి ట్యాబు, ఒక గదిలో పది కంప్యూటర్లు. ఇవి అక్కరలేదని నేననను. అయితే వీటన్నిటికన్నా ముందు అందవలసిన సాధనం ఒకటున్నది. దానికి ప్రారంభోత్సవం ఉండదు కనుక దాని ఊసు ఎవరూ ఎత్తరు. అది పాఠ్యపుస్తకంలోని తెలుగు వాక్యం. చదువుకోవడానికే కాక, తీసుకొని, మార్చుకొని, వాడుకోవడానికి కూడా వీలైన వాక్యం.

తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పే ఒక ఉపాధ్యాయిని యూనిట్ పరీక్షకు ప్రశ్నపత్రం తయారు చేసుకుంటున్నారనుకుందాం. కణజాలాల పాఠంలోని ఒక పేరా ఇచ్చి, దాని కింద నాలుగు ప్రశ్నలు వేయాలని ఆమె ఆలోచన. పుస్తకం పీడీయఫ్ రూపంలో ఉచితంగానే దొరుకుతుంది. ఆ పేరాను కాపీ చేసి వర్డ్‌లో అతికిస్తే మాత్రం తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, ఆశ్చర్యార్థకాలూ కలగలిసిన గజిబిజి ఏదో వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఇలాంటివి ఒకటీ రెండూ కావు. ఇక ఆమెకు మిగిలినవి రెండు దారులు. పేరా అంతా మళ్ళీ టైపు చేసుకోవాలి, లేదా ఆ ముక్కను బొమ్మగా కత్తిరించి అతికించాలి. మొదటిదానికి తీరిక లేదు. రెండోదానిలో ఒక్క మాట మార్చడానికి వీలుండదు. చివరకు బజారులో దొరికే క్వశ్చన్ బ్యాంకే దిక్కవుతుంది. ఆమెకు తట్టిన మంచి ప్రశ్న పిల్లల దాకా వెళ్ళదు.

ఎందుకిలా జరుగుతున్నది? అచ్చుపనికి మనవారు చిరకాలంగా వాడుతున్నవి అను వంటి ఖతులు. వాటిలో కంప్యూటరు దాచుకొనేది తెలుగు అక్షరాన్ని కాదు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలను. ఆ సంఖ్యల చోట తలకట్టు, గుడి, వత్తు వంటి ముక్కల బొమ్మలు చూపించడం ఖతి చేసే పని. ఖతిని తొలగిస్తే తెలుగు కూడా పోతుంది. యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే అది తెలుగుకు 128 స్థానాలు ప్రత్యేకించింది. అందులో రాసిన 'క' ఏ కంప్యూటరుకు వెళ్ళినా 'క'గానే ఉంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని వంటి పనిముట్లతో ఎందరో ఔత్సాహికులు అంతర్జాలాన్ని తెలుగుతో నింపారు. పైసా ప్రతిఫలం లేనివారు ఏనాడో దాటిన వాగును మన పాఠ్యపుస్తకాల ముద్రణ ఇంకా పూర్తిగా దాటలేదు.

నష్టం ప్రశ్నపత్రంతో ఆగిపోదు. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్టువేరు చూపులేని విద్యార్థులకు ఉచితంగా దొరుకుతున్నది. అది తెలుగు కూడా పలుకుతుంది. కానీ అది చదివేది అక్షరాన్ని, అక్షరం బొమ్మను కాదు. మన పీడీయఫ్‌ను దాని ముందు పెడితే ఆ విద్యార్థి చెవిన పడేది అర్థంలేని చప్పుడు. పక్కనున్న స్నేహితుడు చదివి వినిపిస్తేనే అతనికి పాఠం. ఇక ఈ దశాబ్దంలో రెండు రాష్ట్రాలూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలను ప్రవేశపెట్టాయి. ఆ రెండు పేజీల నుంచి పదాలు ఏరి, తన తరగతికి సరిపోయే పదకోశం తయారు చేసుకోదలచిన మాస్టారికి ఇంగ్లీషు పేజీ సహకరిస్తుంది, తెలుగు పేజీ మొండికేస్తుంది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపిస్తే వీడియో తెరుచుకుంటుంది గాని, ఆ పక్కనున్న పేరా మాత్రం తెరుచుకోదు.

విచిత్రమేమిటంటే, ఈ విషయంలో చట్టం ఉపాధ్యాయుడి పక్షానే ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, బోధనలో భాగంగానూ పరీక్ష ప్రశ్నల కోసమూ రచనలను నకలు చేసుకోవడం ఉల్లంఘన కాదంటున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీల వ్యాజ్యంలో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే వ్యాఖ్యానించింది. చట్టం ఇచ్చిన హక్కును ఒక పాత ఖతి అడ్డుకొంటున్నది.

యూనికోడ్‌లో అందమైన ఖతులు లేవనీ, పేజీలు కూర్చే సాఫ్టువేరు దాన్ని అంగీకరించదనీ ఒక వాదన ఉండేది. ఒకప్పుడు అందులో నిజమున్నది. ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న వంటి ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా లభిస్తున్నాయి. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 కూర్పుతోనే నిలిచిపోయింది. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్ 2012 నుంచి భారతీయ లిపులను చక్కగా కూర్చగలుగుతున్నది. పాత పుస్తకాలను మార్చడానికి కన్వర్టర్లున్నాయి. వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక మనిషి కూర్చొని దిద్దవలసి వస్తుంది. అది శ్రమే. కానీ ఒకరు ఒకసారి పడితే తీరిపోయే శ్రమను నేడు వేలాదిమంది ఉపాధ్యాయులు విడివిడిగా, ఏటేటా పడుతున్నారు.

మాటలు చేతికందితే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ ప్రయోగాలు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులలో చాలామందికి పరిచయమే. విద్యుద్వలయం, లోలకం వంటివి తెర మీద కదిలించి చూపవచ్చు. వాటిలో ప్రయోగం ఒకచోట, అందులో కనిపించే మాటలు వేరొకచోట ఉంటాయి. అందువల్ల ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా వాటిని అనువదించగలిగారు, తెలుగులోకి సైతం. ఎక్కడో కొలరాడోలో తయారైన ప్రయోగంలోని మాటను మన మాస్టారు మార్చగలరు. మన రాష్ట్రంలో అచ్చయిన పాఠంలోని మాటను మార్చలేరు.

కనుక అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. పాఠ్యపుస్తకం అచ్చుకు వెళ్ళిన రోజునే దాని మూలపాఠాన్ని యూనికోడ్‌లో, మార్చుకోవడానికి వీలైన దస్త్రంగా అందరికీ అందుబాటులో పెట్టాలి. పీడీయఫ్ ఒక్కటే చాలదు, ఎందుకంటే యూనికోడ్‌లో కూర్చిన పీడీయఫ్ నుంచి తీసినా తెలుగు అక్షరాలు ఒక్కోసారి చెదిరిపోతాయి. దానితో పాటు, వాడుకొని పంచుకోవచ్చునన్న అనుమతి స్పష్టంగా రాసి ఉండాలి. కేంద్రం 2013లో ప్రారంభించిన ఎన్‌రోయర్ విద్యావనరుల భాండారం అలాంటి స్వేచ్ఛా లైసెన్సునే ఎంచుకొన్నది కనుక, ఇది కొత్త దారి కూడా కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మీరు తయారు చేసే ప్రశ్నపత్రాలనూ నోట్సునూ వాట్సప్ బృందాల్లో ఫొటోలుగా కాక, యూనికోడ్ దస్త్రాలుగా పంచుకోండి. పక్క మండలంలోని మాస్టారు మీ ప్రశ్నలో ఒక అంకె మార్చి తన తరగతికి వాడుకోగలిగితే, ఆ పూట ఆయనకు ఒక గంట మిగులుతుంది. మన బడుల్లో అన్నిటికన్నా కరువుగా ఉన్నది ఆ గంటే.